‘ఫోర్ ట్వంటీ’ అనే మాట ఎక్కడిది? అప్పు ఎగ్గొట్టిన ప్రతివాడూ ఫోర్ ట్వంటీయేనా?

మీరు అడిగినవి మూడు. మోసగాణ్ణి ‘ఫోర్ ట్వంటీ’ అని ఎందుకంటాం, ఆ మాట ఎలా పుట్టింది అనేది మొదటిది. 2024లో చట్టమే మారిపోయింది కదా, ఇంకా ఆ నంబరు చెల్లుతుందా అనేది రెండోది. మీ నాన్నగారి దగ్గర ప్రామిసరీ నోటు రాసి అప్పు తీసుకుని, రెండేళ్లుగా ఇదిగో అదిగో అని తిప్పుకుంటున్న మనిషి నిజంగా ఫోర్ ట్వంటీ అవుతాడా, అతని మీద ఆ కేసు పెట్టొచ్చా అనేది మూడోది. నేను క్రిమినల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే అడ్వొకేటుని. ఈ నంబరు రోజూ వింటాను, రోజూ రాస్తాను. మొదటి ప్రశ్నకు జవాబు సరిగ్గా అర్థమైతే మూడోదానికి జవాబు చాలావరకు దొరికినట్టే. అందుకే కాస్త వివరంగానే చెప్తాను.

ఈ నంబరు భారత శిక్షాస్మృతిది, అంటే ఐపీసీది. కంపెనీ పాలనలో మద్రాసులో ఒక పద్ధతి, బెంగాల్లో ఇంకో పద్ధతి, బొంబాయిలో మరో పద్ధతి నడుస్తుంటే, అందరికీ ఒకే నేరచట్టం ఉండాలని 1834లో మెకాలే అధ్యక్షతన మొదటి లా కమిషన్ వేశారు. 1837లో ముసాయిదా ఇచ్చారు. అది ఇరవై ఏళ్లకు పైగా అటకెక్కింది. 1857 తిరుగుబాటు తర్వాత, కంపెనీ పోయి రాణి పాలన వచ్చాక దుమ్ము దులిపి బయటికి తీశారు. 1860 అక్టోబరు 6న చట్టమైంది, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొత్తం 511 సెక్షన్లు. అందులో 415 నుంచి 420 వరకు ఆరు సెక్షన్లు మోసం గురించి.

415లో మోసం అంటే ఏమిటో చెప్పారు. 416, 419 ఇంకొకరిలా నటించి మోసం చేయడం గురించి. 417 మామూలు మోసానికి శిక్ష, ఏడాది వరకు. 418 మన బాగు చూడాల్సిన బాధ్యత ఉన్నవాడే మనల్ని మోసం చేస్తే మూడేళ్ల వరకు. చివరిది 420. మోసం చేసి, ఎదుటివాడి చేత ఆస్తిగానీ డబ్బుగానీ ఇప్పించుకోవడం. విలువైన పత్రం రాయించుకున్నా, ఉన్న పత్రాన్ని మార్పించినా, చింపించినా ఇందులోకే వస్తుంది. శిక్ష ఏడేళ్ల వరకు జైలు, దానికి తోడు జరిమానా.

మోసానికి నిర్వచనం 415లో ఉంటే జనం నోట్లో 420 ఎందుకు నిలిచింది? చాలామంది ‘శిక్ష ఎక్కువ కాబట్టి’ అంటారు. అది సగం కారణమే. మిగతా సగం పోలీసు స్టేషన్లో ఉంది. 417, 418 నాన్ కాగ్నిజబుల్. అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసు దర్యాప్తు మొదలుపెట్టలేడు. 420 అలా కాదు, కాగ్నిజబుల్, పైగా నాన్ బెయిలబుల్. ఫిర్యాదు తీసుకుని ఎస్సై తానే ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. కాబట్టి డబ్బు పోగొట్టుకున్నవాడు కోరుకునేది 420, పోలీసు రాసేది 420, వకీలు ఫిర్యాదులో ఇరికించాలని చూసేది 420. కోర్టు వరండాలో బంట్రోతు పిలిచే కేసుల్లో, మర్నాడు పేపర్లో వచ్చే వార్తల్లో అదే నంబరు. తరాల తరబడి అదే చెవిన పడితే, నంబరే ఆ పని చేసేవాడికి పేరైపోయింది. 302 కూడా జనానికి బాగా తెలిసిన నంబరే, కానీ హంతకుణ్ణి ‘త్రీ నాట్ టూ గాడు’ అని వీధిలో ఎవరూ అనరు. నా ఉద్దేశంలో దానికి కారణం ఒకటే. హత్య అరుదు. మోసగాడు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు, అతనికి రోజూ వాడుకోవడానికి ఒక పేరు కావాలి.

మన రెండు ప్రాంతాల్లో ఈ నంబరు రెండు రూపాల్లో స్థిరపడింది. కోస్తా, రాయలసీమల్లో ‘ఫోర్ ట్వంటీ’, ‘ఫోర్ ట్వంటీ గాడు’, ‘ఫోర్ ట్వంటీ వేషాలు’ అంటారు. హైదరాబాదు వైపు పెద్దవాళ్ల నోట ‘చార్ సౌ బీస్’ వినిపిస్తుంది. ‘నాలుగు వందల ఇరవై గాడు’ అని మాత్రం ఎక్కడా అంతగా వినపడదు. మద్రాసు ప్రెసిడెన్సీ కోర్టుల్లో ఇంగ్లీషు, నిజాం రాజ్యంలో ఉర్దూ నడిచాయి కాబట్టి ఏ కోర్టు భాషలో విన్న నంబరు ఆ భాషలోనే ఉండిపోయిందని నేననుకుంటాను.

ఉర్దూ విషయానికొస్తే, ఐపీసీని ‘తాజీరాత్-ఎ-హింద్’ పేరుతో ఉర్దూలోకి తెచ్చినవారిలో డిప్యూటీ నజీర్ అహ్మద్ ఒకరు. ఉర్దూ నవలకు ఆద్యుడిగా పేరున్న ఆయనే, తర్వాత సాలార్‌జంగ్ కాలంలో హైదరాబాదు వచ్చి కొలువు చేశారు. అప్పట్లో నిజాం రాజ్యానికి సొంత శిక్షాస్మృతి ఉండేది. ఐపీసీ అక్కడికి చట్టప్రకారం వచ్చింది 1951లో. ఉత్తరాదిలో ‘చార్ సౌ బీస్’ మోసగాడికే కాదు, ‘చార్ సౌ బీసీ’ అని మోసానికి కూడా పేరైంది. 1955లో రాజ్ కపూర్ ‘శ్రీ 420’ తీసినప్పుడు ఆ పేరుకు అర్థం ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. అంటే అప్పటికే మాట బాగా పాతుకుపోయి ఉంది.

పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లు 1860 చట్టాన్నే ఉంచుకున్నాయి కాబట్టి అక్కడ ఇప్పటికీ మోసానికి 420యే. మలేషియా, సింగపూర్ శిక్షాస్మృతులు మన ఐపీసీ నమూనాలో రాసినవే. అక్కడున్న మనవాళ్లు చూస్తే అదే సెక్షన్, అదే నంబరు కనిపిస్తుంది. నైజీరియాలో మోసగాళ్లను ‘ఫోర్ వన్ నైన్’ అంటారు. లాటరీ తగిలిందని, ఎవరో యువరాజు ఆస్తి మీకు రాశాడని ఈమెయిళ్లు పంపేవాళ్లకు ఆ పేరు ప్రపంచమంతా పాకింది. అది అక్కడి క్రిమినల్ కోడ్‌లో 419వ సెక్షన్. ఆ కోడ్‌కు మూలం ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చట్టం, మన ఐపీసీ కాదు. నంబర్లు పక్కపక్కన పడటం కాకతాళీయం. అమెరికాలో ఉంటున్న మన పిల్లలకు 420 అంటే గంజాయి గుర్తొస్తుంది. అది 1971లో కాలిఫోర్నియాలోని శాన్ రఫాయెల్‌లో కొందరు హైస్కూలు కుర్రాళ్లు సాయంత్రం 4:20కి కలుసుకోవడానికి పెట్టుకున్న సంకేతం. దానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.

తెలుగులో ఇలా స్టేషన్ నుంచి, కోర్టు నుంచి వీధిలోకొచ్చిన మాటలు ఇంకా ఉన్నాయి. ‘కేడీ’ అలాంటిదే. ‘నోన్ డెప్రెడేటర్’ అని పోలీసు రికార్డుల్లో రాసే ఇంగ్లీషు మాటలో మొదటి అక్షరాలు కె, డి. దొంగతనాలకు అలవాటుపడి, స్టేషన్లో పేరు నమోదై, పోలీసులు కన్నేసి ఉంచే మనిషి అని అర్థం. ఇప్పుడు అల్లరి పిల్లవాణ్ణి కూడా ముద్దుగా కేడీ అంటున్నాం. ఇంకోటి ‘ఐపీ’. ‘ఫలానా షావుకారు ఐపీ పెట్టాడు’ అంటే ఊరందరికీ ఎగనామం పెట్టాడనే జనం అర్థం చేసుకుంటారు. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. అప్పులు తీర్చలేని స్థితికి వచ్చినవాడు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద కోర్టులో వేసుకునే దరఖాస్తు. పంట పోయి, వ్యాపారం దెబ్బతిని నిజంగా దివాలా తీసినవాడికి చట్టం ఇచ్చిన దారి అది. ఆస్తులు ముందే భార్య పేరున, బావమరిది పేరున మార్చేసి తర్వాత ఐపీ పెట్టేవాళ్లు బాగా పెరగడంతో ఆ మాటకే మచ్చ పడింది. దాంతో నిజంగా చితికిపోయిన రైతు కూడా ఐపీ పెడితే జనం మోసగాడనే అంటున్నారు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

‘ఫోర్ ట్వంటీ’ విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. చట్టంలో దానికి ఉన్న అర్థం చాలా ఇరుకు. వీధిలో అది డబ్బు తిరిగివ్వని ప్రతివాడికీ వర్తించేలా సాగిపోయింది.

మీ ఇంట్లో ఉన్న బంగారు గొలుసునే తీసుకోండి. ఎవడో బీరువా తెరిచి పట్టుకుపోతే అది దొంగతనం. మీ బంధువు పెళ్లికి పెట్టుకుని తెచ్చిస్తానని నిజంగా ఆ ఉద్దేశంతోనే తీసుకెళ్లి, తర్వాత బుద్ధి మారి తాకట్టు పెట్టుకుంటే అది నమ్మకద్రోహం, ఐపీసీలో 406. మెరుగు పెడతామని ఇద్దరు గుమ్మంలోకి వచ్చి, గొలుసు మీ చేత్తోనే మీరు ఇచ్చేలా చేసి, దాంతో ఉడాయించాలనే వచ్చినవాళ్లయితే అది 420. మూడింట్లోనూ గొలుసు పోయింది. తేడా ఎక్కడుందంటే, ఆ ఆస్తి చేతులు మారిన క్షణంలో అవతలివాడి మనసులో ఏముంది అన్నదాంట్లో. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉండాలి, ఆ మోసాన్ని నమ్మే మనం ఇచ్చి ఉండాలి. ఈ రెండూ కలిస్తేనే 420.

ఇది నా సొంత వ్యాఖ్యానం కాదు. 415వ సెక్షన్ కిందే ఉదాహరణలిచ్చి మరీ రాశారు. ఆనాటి బతుకు ఎలా ఉండేదో ఆ ఉదాహరణల్లో కనిపిస్తుంది. సివిల్ సర్వీసు ఉద్యోగినని అబద్ధం చెప్పి, తిరిగివ్వాలనే ఉద్దేశం లేకుండా అరువు మీద సరుకు తీసుకున్నవాడు, వజ్రాలు కాదని తెలిసీ వజ్రాలని చెప్పి తాకట్టు పెట్టినవాడు, అన్నీ ఉన్నారు. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది నీలిమందు ఉదాహరణ. ఒకడు నీలిమొక్క తోలతానని నమ్మించి అడ్వాన్సు తీసుకున్నాడు. తీసుకునేటప్పుడే తోలే ఉద్దేశం లేకపోతే అతను మోసగాడు. తీసుకునేటప్పుడు తోలాలనే ఉండి, తర్వాత ఒప్పందం తప్పితే అతను మోసగాడు కాడు, అతని మీద సివిల్ దావా మాత్రమే వేసుకోవాలి. చట్టంలోనే ఇంత స్పష్టంగా ఉంది. ఈ చట్టం వచ్చిన రోజులు గుర్తుంటే దాని విలువ ఇంకా తెలుస్తుంది. 1859-60లో బెంగాల్ రైతులు నీలి సాగు చేయబోమని ఎదురుతిరిగారు. ఒప్పందం తప్పిన రైతును జైల్లో పెట్టేలా 1860లోనే ఆరు నెలల పాటు అమలయ్యేట్టు ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చారు. అదే ఏడాది వచ్చిన శిక్షాస్మృతి మాత్రం మాట తప్పడం వేరు, మోసం వేరు అని గీత గీసి పెట్టింది. ఆ గీత ఈరోజుకీ అప్పు పడిన ప్రతి పేదవాడికీ రక్ష.

ఆ ఉదాహరణల్లోనే చివరిది చూస్తే మన ఊళ్ల సంగతే రాశారా అనిపిస్తుంది. ఒకడు తన ఎస్టేటు ఒకరికి అమ్మేశాడు. తనకిక హక్కు లేదని తెలిసీ, ఆ సంగతి దాచి ఇంకొకరికి అమ్మి డబ్బు తీసుకున్నాడు. మనం డబుల్ రిజిస్ట్రేషన్ అంటున్నది ఇదే. ఇలాంటి కేసు ఒకటి నా దగ్గరికి వచ్చింది. పార్టీ సంచిలోంచి తీసిన కాగితాల్లో అగ్రిమెంటు ఉంది, అడ్వాన్సు ముట్టినట్టు రసీదు ఉంది, బోలెడు ఫోన్ మెసేజీలున్నాయి. ఆయన మెసేజీలే చూపిస్తున్నాడు. ‘వచ్చే నెల రిజిస్ట్రేషన్ చేస్తా అన్నా’, ‘కొంచెం ఓపిక పట్టన్నా’ ఇవే అన్నీ. వాటితో ఏమీ తేలదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయించాం. ఆ సర్వే నంబరులో ఆ ప్లాటు అంతకుముందు ఏడాదే ఇంకొకరి పేరున రిజిస్టరై ఉంది. ఈసీలో ఆ ఎంట్రీ తారీఖు, మన అగ్రిమెంటు మీది తారీఖు పక్కపక్కన పెడితే చాలు. అడ్వాన్సు తీసుకున్న రోజే అతనికి ఆ ప్లాటు మీద హక్కు లేదు, ఆ సంగతి అతనికి తెలుసు. మనసులో ఏముందో కాగితం మీద కనిపించడమంటే అదీ. అన్ని మెసేజీలు చేయలేని పనిని ఆ ఒక్క ఎంట్రీ చేసింది.

ఇక మీ రెండో ప్రశ్న. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్ వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. ఇంకొకరిలా నటించి చేసేది తప్ప మిగతా మోసమంతా 318వ సెక్షన్లోకి చేరింది. పాత 420 ఇప్పుడు 318లో నాలుగో ఉపసెక్షన్. శిక్ష అదే, ఏడేళ్ల వరకు, జరిమానా కూడా. ఇప్పటికీ కాగ్నిజబుల్, నాన్ బెయిలబులే. మామూలు మోసానికి శిక్ష ఏడాది నుంచి మూడేళ్లకు పెరిగింది. ఇంకొకరిలా నటించి చేసే మోసం 319కి వెళ్లింది, దానికి ఇప్పుడు ఐదేళ్ల వరకు. కానీ 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది. కాబట్టి పాత లావాదేవీ మీద ఈరోజు ఎఫ్ఐఆర్ కట్టినా అందులో 420 అనే ఉంటుంది. కోర్టుల్లో ఈ నంబరు ఇంకా చాలా ఏళ్లు వినిపిస్తుంది. జనం నోట్లో అయితే పోదు. ‘త్రీ ఎయిటీన్ ఫోర్ గాడు’ అనడం ఎవరికీ నోరు తిరగదు. మీరు నిశ్చింతగా ఫోర్ ట్వంటీ అనే అనండి.

మూడోది మీ నాన్నగారి సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఆ మనిషి తెలిసినవాడే, ఊళ్లోనే ఉన్నాడు, నోటు రాశాడు, మొదటి కొన్ని నెలలు వడ్డీ కట్టాడు, తర్వాత ఆపేశాడు. ఈ వివరాలే నిజమైతే ఇది 420 కాదు. వడ్డీ కట్టాడంటే తీసుకునేటప్పుడు ఇచ్చే ఉద్దేశం ఉన్నట్టే కోర్టు చూస్తుంది. 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఒప్పందం తప్పడానికీ మోసానికీ తేడా, ప్రేరేపించిన సమయంలో ఉన్న ఉద్దేశాన్ని బట్టే తేలుతుంది, తర్వాత మాట తప్పాడన్న ఒక్క కారణంతో మొదట్లోనే దురుద్దేశం ఉందని అనుకోవడానికి లేదు. 2024లో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో మళ్లీ ఇంకో ముక్క గట్టిగా చెప్పింది. ఒకే సంఘటన మీద మోసం, నమ్మకద్రోహం రెండూ కలిపి యాంత్రికంగా రాసేయడం తప్పు, ఆ రెండూ ఒకచోట ఇమడవు అని. మన స్టేషన్లలో 406, 420 జంటగా రాయడం ఎంత మామూలో అందరికీ తెలుసు.

అయినా పెట్టి చూద్దాం, భయపడి ఇస్తాడు అనుకుంటారేమో. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆలోచన ఇదే. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న కేసుల్లో పోలీసులు అవసరం లేకుండా అరెస్టు చేయకూడదని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు ఉంది, ముందు నోటీసు ఇస్తారు. అతను ఎఫ్ఐఆర్ కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేస్తాడు. అక్కడ ఇది సివిల్ తగాదా అని కేసు కొట్టేస్తే మీ చేతిలో ఏమీ మిగలదు. ఈలోపు అసలు ప్రమాదం ఇంకోచోట ఉంది. స్టేషన్ చుట్టూ తిరుగుతూ మీరు సివిల్ దావా గడువు దాటించేస్తారు.

కథ వేరేగా ఉంటే నా జవాబు కూడా మారుతుంది. అప్పు తీసుకునేటప్పుడు తనది కాని ఆస్తి కాగితాలు చూపించాడా? లేని ఉద్యోగం, లేని వ్యాపారం ఉందని చెప్పాడా? అదే వారంలో, అవే మాటలు చెప్పి ఇంకో నలుగురి దగ్గర కూడా తీసుకున్నాడా? ఇలాంటివి ఏమైనా ఉంటే వాటి తాలూకు కాగితాలు, సాక్షులు పోగుచేయండి, అప్పుడు 420 నిలబడుతుంది. ‘నమ్మించి మోసం చేశాడు’ అని ఫిర్యాదులో రాయడం కాదు, ఏం చెప్పి నమ్మించాడు, అది అబద్ధమని అప్పుడే అతనికి తెలుసని దేన్నిబట్టి అంటున్నారు, ఈ రెండూ రాయాలి. చెక్కు ఇచ్చి అది బౌన్సయితే దారి వేరే ఉంది, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి, అది అందాక 15 రోజులు ఆగాలి, ఆ తర్వాత నెలలోపు కోర్టులో వేయాలి.

ఇంకో మాట. మీ నాన్నగారు అతన్ని రచ్చబండ దగ్గర ఫోర్ ట్వంటీ అంటున్నారని, మీ తమ్ముడు ఫొటోతో సహా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడని రాశారు. ముందు ఆ స్టేటస్ తీయించండి. బీఎన్ఎస్ 356 కింద అది పరువునష్టం కేసుకు దారి తీస్తుంది. డబ్బు రావాల్సిన మీరే ముద్దాయిలై నిలబడాల్సి వస్తుంది.

చివరగా, ఈ వారంలోనే చేయాల్సిన పని. నోటు తీసి తారీఖు చూడండి. ఆన్ డిమాండ్ నోటు, అంటే అడిగినప్పుడు ఇవ్వాల్సిన నోటు కాబట్టి రాసిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా పడాలి. మీకు రెండేళ్లు పైనే అయిపోయాయి. అతను మాటల్లో బాగానే ఉన్నాడంటున్నారు కాబట్టి, ఎంతోకొంత కట్టమని అడిగి, నోటు వెనక అతని చేతనే తారీఖు వేయించి, ముట్టిన మొత్తం రాయించి, సంతకంతో చెల్లు వేయించుకోండి. గడువు లోపల వేసిన చెల్లుతో మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. వెయ్యి రూపాయలు కట్టినా చెల్లు చెల్లే. కట్టనంటే ఆలస్యం చేయకుండా లాయరు నోటీసు ఇచ్చి సివిల్ కోర్టులో దావా వేసేయండి. అతను ఆస్తులు అమ్మేసే ప్రయత్నంలో ఉన్నాడని మీకు ఆధారం దొరికితే, తీర్పుకు ముందే అటాచ్‌మెంట్, అంటే ఆస్తి జప్తు కోసం దావాతో పాటే పిటిషన్ వేయమని మీ లాయరును అడగండి.